కట్టప్పకు విముక్తి ఎప్పుడు?

శ్రీ ఎస్.ఎస్. రాజమౌళి గారికి,



2015 జూలై 10న 'బాహుబలి: ది బిగినింగ్' విడుదలయ్యాక దాదాపు రెండేళ్లపాటు దేశమంతా ఒకే ప్రశ్న నడిచింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చి జవాబు చెప్పింది. రాజమాత శివగామి ఆజ్ఞాపించింది, సింహాసనానికి కట్టుబానిస అయిన కట్టప్ప ఆ ఆజ్ఞను పాటించాడు. ప్రేక్షకులు కన్నీళ్లు పెట్టుకున్నారు, ఒప్పుకున్నారు. 2025లో రెండు భాగాలనూ కలిపి 'ది ఎపిక్' పేరుతో మళ్లీ థియేటర్లకు తెచ్చినప్పుడూ ఆ జవాబును ఎవరూ తిరగదోడలేదు. ఈ లేఖ ఆ పని చేయడానికే. రాజుకు తరతరాలు నిలిచే పేరు ఎలా వస్తుంది, జనం అతని వెంట ఎందుకు నిలబడతారు అన్న విషయం మీద మీ సినిమా చాలా చెప్పింది. అందులో సగం అద్భుతంగా చెప్పింది. మిగతా సగం దగ్గర, అంటే కట్టప్ప దగ్గర, తాను చెప్పిందే మర్చిపోయింది. మీ మాహిష్మతి రాజ్యం కథలు ఇంకా వస్తాయని అందరూ ఎదురుచూస్తున్నారు కనుక ఆ మరుపు గురించి ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

ముందు బాగా చెప్పిన సగం. సింహాసనం ఎవరిదో తేల్చడానికి శివగామి పెట్టిన పరీక్ష చాలా సూటిగా ఉంటుంది: దండెత్తి వచ్చిన కాలకేయుల నాయకుణ్ణి ఎవరు చంపితే వాళ్లదే రాజ్యం. యుద్ధం మధ్యలో కాలకేయులు బందీలుగా పట్టుకున్న మాహిష్మతి జనాన్ని తమ ముందు అడ్డుగా నిలబెడతారు. అన్న భల్లాలదేవుడు ఆగడు. రథానికి అమర్చిన కత్తులు గిర్రున తిరుగుతుండగా తన వాళ్ల మీదుగానే దూసుకుపోతాడు. తమ్ముడు అమరేంద్ర బాహుబలి ఆగుతాడు. గుండ్లు కట్టిన తాళ్లు విసిరించి బందీల కాళ్లకు చుట్టుకునేలా చేసి, వాళ్లు నేల మీద పడ్డాక పైనుంచి శత్రువును కొడతాడు. ఆ ఆగడం వల్ల పందెంలో వెనకబడతాడు. కాలకేయ నాయకుడి మీద చివరి దెబ్బ భల్లాలుడిదే అవుతుంది. పరీక్ష నియమం ప్రకారం గెలిచింది భల్లాలుడు, కిరీటం దక్కింది అమరేంద్రుడికి. ఈ తీర్పును కేవలం మంచితనానికి ఇచ్చిన బహుమతిగా చూస్తే తక్కువ చేసినట్టే. తనకు తిరిగి ఏమీ ఇవ్వలేని వాళ్ల కోసం, తనకు కావలసిందాన్ని చేజార్చుకోవడానికి సిద్ధపడ్డాడా లేదా అన్నదే అక్కడ అసలు కొలత. యుద్ధానికి ముందు జరిగిన పూజలోనూ ఇదే కొలత ఉంది. అన్న మూగజీవాన్ని బలి ఇస్తే, తమ్ముడు తన అరచెయ్యి కోసుకుని ఆ నెత్తురు అమ్మవారికి సమర్పిస్తాడు. నష్టాన్ని కింది వాళ్ల మీదికి నెట్టేవాడు ఒకడు, తన మీద వేసుకునేవాడు ఇంకొకడు.

భయపెట్టి ఏలిన వాళ్ల పేరు మాత్రం నిలవలేదా అని అడగవచ్చు. భల్లాలుడు ఒకటీ రెండూ కాదు, పాతికేళ్లు ఏలాడు. అమరేంద్రుడి భార్య దేవసేనను గొలుసులతో కట్టి, నగరం నడిబొడ్డున అందరూ చూస్తుండగా ఉంచాడు. ఎవరూ తిరగబడలేదు కదా? నిజమే, అధికారం నిలవడానికి భయం చాలు. పేరు నిలవడానికే అది చాలదు. దీనికి సాక్ష్యం మీరు తీసిన సన్నివేశమే. భల్లాలుడి బంగారు విగ్రహాన్ని నిలబెడుతున్నారు. కొరడా దెబ్బలు తింటూ జనం తాళ్లు లాగుతుంటారు. విగ్రహం ఒరిగిపోతుండగా ఎవరో కుర్రవాడు వచ్చి తాడు పట్టుకుంటాడు. అతని ముఖం చూసిన ఒక కూలీ నోట అప్రయత్నంగా బాహుబలి అన్న పేరు వస్తుంది. ఆ పేరు ఒక నోటి నుంచి పది నోళ్లకు, అక్కడి నుంచి మైదానమంతా పాకుతుంది. భల్లాలుడి విగ్రహం చివరికి నిలబడుతుంది కానీ దాన్ని లేపిన బలం చచ్చిపోయిన తమ్ముడి పేరుది. పాతికేళ్లుగా బయటికి పలకడానికి భయపడిన పేరును ఆ జనం లోలోపల మోస్తూనే ఉన్నారన్నమాట. కొరడా వాళ్ల చేత పని చేయించగలిగింది, ఆ పేరు మరిపించలేకపోయింది. కథ చివర ఆ విగ్రహం తల విరిగి, నీళ్లలో కొట్టుకుపోయి, జలపాతం మీది నుంచి కిందపడుతుంది. భయానికి కట్టిన కీర్తి ఎన్నాళ్లుంటుందో దానికంటే బాగా ఇంకెవరూ చూపించలేరు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. మీరు ఏ ఉద్దేశంతో ఎంచుకున్నారో గానీ, మాహిష్మతి పేరున్న నగరం పురాణాల్లోనే కాదు, నర్మదా తీరంలో నిజంగానూ ఉండేది. నేటి మధ్యప్రదేశ్‌లోని మహేశ్వరే అదని చాలామంది పండితులు గుర్తిస్తారు. ఆ మహేశ్వర్‌ను రాజధానిగా చేసుకుని 1767 నుంచి 1795 దాకా ఇందోర్ రాజ్యాన్ని ఏలింది అహల్యాబాయి హోల్కర్. శివగామి లాగే ఆమె కూడా ఏలేవాళ్లు చనిపోయిన ఇంట్లో పాలన భారం ఎత్తుకున్న స్త్రీ. 1754లో భర్త, 1766లో మామగారు, 1767లో కొడుకు పోయారు. ఆమె గెలిచిన యుద్ధాలేమిటో ఈ రోజు ఎవరినైనా అడిగితే తడుముకుంటారు. నర్మద ఒడ్డున ఆమె కట్టించిన ఘాట్లు, దేశం నలుమూలలా తవ్వించిన బావులు, యాత్రికులకు వేయించిన సత్రాలు, కాశీలో తిరిగి నిలబెట్టిన విశ్వనాథుడి గుడి మాత్రం అందరికీ తెలుసు. ఆమె ఆదరించిన నేతగాళ్ల మగ్గాల మీద పుట్టిన మహేశ్వరి చీర ఇప్పటికీ ఆ ఊరికి అన్నం పెడుతోంది. ఏలింది 28 ఏళ్లు, పేరు రెండు శతాబ్దాలు దాటి నడుస్తోంది.

మన నేల మీదికి వస్తే సాక్ష్యం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకోవడంతో కాకతీయ రాజ్యం కూలిపోయింది. ఓడిపోయిన వంశం కీర్తి అక్కడితో ముగిసిపోవాలి. కానీ తర్వాతి శతాబ్దాల్లో తెలుగు దేశంలో ఎదిగిన ఎన్నో యోధ కుటుంబాలు తమ పూర్వీకులు ప్రతాపరుద్రుడి కొలువులో ఉన్నవాళ్లేనని చెప్పుకున్నాయి. గెలిచిన రాజుతో చుట్టరికం కలుపుకోవడం మామూలే, ఓడిపోయిన రాజుతో కలుపుకోవడమే విశేషం. ఏడు శతాబ్దాల తర్వాత, సరిగ్గా మీ మొదటి భాగం వచ్చిన 2015లోనే, తెలంగాణ ప్రభుత్వం 46 వేలకు పైగా చెరువుల పూడిక తీసి బాగుచేసే పథకం మొదలుపెట్టి, దానికి 'మిషన్ కాకతీయ' అని పేరు పెట్టింది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి గనుకనే ఆ పేరు జనానికి విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు. కోస్తాకు వెళితే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన సర్ ఆర్థర్ కాటన్ రాజూ కాడు, ఈ దేశస్థుడూ కాడు. పైగా మనల్ని ఏలిన పరాయి కంపెనీ ఉద్యోగి. అయినా గోదావరి జిల్లాల్లో ఊరూరా అతని విగ్రహాలున్నాయి. వాటిలో ఎన్నో రైతులే నిలబెట్టుకున్నవి, ఎవరి చేతా కొరడా లేదు.

ఇది సినిమా, అందులోనూ జానపద ఫాంటసీ, చెరువుల పూడికా శిస్తుల లెక్కా చూపిస్తే ఎవరు చూస్తారని మీ అభిమానులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను అడుగుతున్నది డాక్యుమెంటరీ కాదు. పట్టాభిషేకానికి ముందు జనం కష్టసుఖాలు తెలుసుకు రమ్మని శివగామే అమరేంద్రుణ్ణి దేశాటనకు పంపింది. ఆ ఆలోచన మీ కథలోదే. మారువేషంలో తిరిగే రాజు కథలు మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి ప్రేక్షకులకు అది ఇట్టే ఎక్కింది కూడా. అయితే ఆ ప్రయాణం కాసేపట్లోనే కుంతల రాజ్యానికి, దేవసేన చూపులకు, కట్టప్ప హాస్యానికి మళ్లిపోయింది. ప్రేమకథ తప్పని ఎవరూ అనరు. కాబోయే రాజు ఆ తిరుగుడులో ఏం నేర్చుకున్నాడు, తిరిగొచ్చాక దేన్ని మార్చాలనుకున్నాడు అన్నది ఒక్క సన్నివేశంలోనైనా తెలిసి ఉంటే, కిరీటం చివరికి అన్నకు పోయి అతను సైన్యాధిపతిగా ప్రమాణం చేసినప్పుడు మైదానం దద్దరిల్లడానికి ఇంకా గట్టి కారణం ఉండేది. ఆ ప్రమాణంలో అతను రాజు పేరు చెప్పి ఊరుకోడు, ప్రజల ధనమాన ప్రాణాలకు పూచీ పడతాడు. కిరీటం పెట్టుకున్న అన్న చూస్తుండగానే జనం మనసు తమ్ముడి వైపు ఒరిగింది ఆ పూచీ వల్లే. చేసే పని కంటికి కనిపిస్తే ఫాంటసీ పలచబడదని మీరే అక్కడ రుజువు చేశారు.

ఇక మీ కథ మర్చిపోయిన సగానికి వస్తాను. అంత ప్రేమించిన జనం ఉండి కూడా అమరేంద్రుడు ఎలా చచ్చిపోయాడు? కుట్ర పన్నింది శివగామి భర్త బిజ్జలదేవుడు, భల్లాలుడు. కానీ వాళ్ల కుట్ర పారడానికి కారణం మాహిష్మతి ఏర్పాటే. అక్కడ శివగామి నోటి మాటే చట్టం. ఆమె స్వభావరీత్యా న్యాయమూర్తి, ఇద్దరు పసివాళ్లకూ తన పాలే పట్టిన తల్లి. అయినా ఆమెను తప్పుదారి పట్టిస్తే ఆపే వాళ్లు ఎవరూ లేరు. నిందపడ్డవాడి మాట వినాలన్న నియమం లేదు, మరణాజ్ఞకు ముందు ఒక్క రాత్రి ఆగాలన్న పద్ధతి లేదు. నిజానికి ఈ లోపం అమరేంద్రుడిలోనూ ఉంది. స్త్రీల మీద చెయ్యి వేసిన సేతుపతి వేళ్లు దేవసేన నరికితే, నరకవలసింది వేళ్లు కాదన్నట్టు అతను నిండు సభలో వాడి తల ఎగరగొడతాడు. థియేటర్లలో ఈలలు పడిన ఘట్టం అది. సేతుపతి దుర్మార్గుడే, అనుమానం లేదు. కానీ మంచివాడి కత్తికి విచారణ అక్కర్లేదని చప్పట్లు కొట్టిన సభకు, తర్వాత కొన్నాళ్లకు అదే మంచివాణ్ణి విచారణ లేకుండా చంపిస్తే అడ్డుపడే హక్కు మిగలదు. మాహిష్మతిలో న్యాయం ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలోనే ఉంది. ఆ చెయ్యి మారగానే అది అన్యాయమైంది.

కాకతీయ గణపతిదేవుడు ఈ సంగతి ఎరిగినవాడు. 1244-45లో మోటుపల్లి రేవులో అతను వేయించిన అభయశాసనం మన చరిత్రలోని గొప్ప రాతల్లో ఒకటి. తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని సరుకును రాజులు స్వాధీనం చేసుకోవడం అప్పటిదాకా ఉన్న ఆచారం. సముద్రం మీద ప్రాణాలు పణంగా పెట్టి వచ్చే వర్తకుల సొమ్ము అలా తీసుకోనని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ అడగనని గణపతిదేవుడు రాయి మీద చెక్కించాడు. చేతిలో ఉన్న అధికారాన్ని తానే తగ్గించుకుని, ఆ తగ్గింపును అందరూ చదివేలా నిలబెట్టాడు. కాకతీయుల తర్వాత ఆ తీరాన్ని ఏలిన రెడ్డిరాజులు కూడా ఆ రేవుకు వచ్చే వర్తకులకు అభయమిచ్చారు. కాలకేయ యుద్ధంలో అమరేంద్రుడు చేసిందీ అటువంటిదే, చేయగలిగి కూడా చేయకుండా తనను తాను ఆపుకోవడం. తేడా ఒక్కటే. అమరేంద్రుడి నిగ్రహం అతనితోనే పోయింది. గణపతిదేవుడి నిగ్రహం రాయి మీద మిగిలింది, వేరే వంశానికి కూడా ఒరవడి అయింది. మంచి రాజు కీర్తి జనానికి నిజంగా అక్కరకొచ్చేది చెడ్డరాజు వచ్చినప్పుడే. అప్పుడు అడిగి నిలదీయడానికి వాళ్ల దగ్గర ఒక మాటంటూ రాసి ఉండాలి.

ఇప్పుడు కట్టప్ప. సత్యరాజ్ గారు పోసిన ప్రాణం వల్ల ఆ పాత్ర మన ఇళ్లలో మనిషైపోయింది. పూర్వీకులు ఎప్పుడో చేసిన ప్రమాణానికి కట్టుబడి, సింహాసనం మీద ఎవరుంటే వాళ్ల ఆజ్ఞ పాటించే వంశం అతనిది. ఆయుధాల వ్యాపారి అస్లాం ఖాన్ అతని కత్తి నైపుణ్యం చూసి ముచ్చటపడి, బానిసత్వం నుంచి తప్పిస్తానంటే కట్టప్ప కాదంటాడు. ఆ కాదనడం గొప్పగా, గంభీరంగా తీశారు. దాని అసలు అర్థం మాత్రం రెండో భాగంలో బయటపడింది. కాదనడం తెలిసినవాడే, కాదనవలసిన ఒక్క ఆజ్ఞ దగ్గర కాదనలేకపోయాడు. పెంచి, ప్రేమించి, మామా అని పిలిపించుకున్నవాడి వెన్నులో కత్తి దింపాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఆ హత్య చేయించినవాడి కొలువులోనే ఉన్నాడు. దీన్ని విధేయత అందామా? భల్లాలుడి విగ్రహం తాళ్లు లాగుతూ చనిపోయినవాడి పేరు పలికిన కూలీలది విధేయత. వాళ్లను ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఆ పేరు పలికితే వాళ్లకు ఒరిగేదీ లేదు. వాళ్లు ఒక మనిషి చేసిన పనికి కట్టుబడ్డారు. కట్టప్ప ఒక కుర్చీకి కట్టుబడ్డాడు. కుర్చీ మీద మనిషి మారితే అతని ధర్మమూ మారిపోవలసిందే.

భీష్ముడూ అంతే కదా, హస్తినాపుర సింహాసనానికి కట్టుబడి కౌరవుల పక్షాన నిలబడలేదా, ఇది మన ఇతిహాసం ఒప్పుకున్న ధర్మమే కదా అన్నది బలమైన ఆక్షేపణ. అయితే రెండు విషయాలు గమనించాలి. భీష్ముడి ప్రతిజ్ఞ అతను తన నోటితో, తండ్రి కోసం, తెలిసి చేసినది. కట్టప్ప మీద పడింది పుట్టుకతో వచ్చిన బరువు. తాతలు చేసిన బాసకు మనవణ్ణి తాకట్టు పెట్టడాన్ని మన ఊళ్లలో వెట్టి అన్నారు, వ్రతమని ఎవరూ అనలేదు. రెండోది, మహాభారతం భీష్ముణ్ణి ఊరికే వదలలేదు. నిండు సభలో ద్రౌపది వేసిన ప్రశ్నకు అంతటి జ్ఞాని సూటిగా జవాబు చెప్పలేక నీళ్లు నమలడాన్ని దాచకుండా చూపించింది. ఆ వంశమంతా కూలడానికి ఆ సభలోని మౌనాలూ కారణమేనని చదివిన ప్రతివాడికీ తెలుస్తుంది. మీ సినిమా కట్టప్పను ఏడిపించింది, పశ్చాత్తాపంతో అమరేంద్రుడి కొడుకు మహేంద్రుడి పాదం నెత్తిన పెట్టుకునేలా చేసింది. ఆ పశ్చాత్తాపాన్ని చూసి మనం కరిగిపోయాం. అతన్ని ఆ పనికి దింపిన కట్టుబాటును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మహేంద్రుడి పట్టాభిషేకం నాటికి కూడా అది చెక్కుచెదరలేదు.

ఆ పట్టాభిషేకం గురించీ ఒక మాట. జలపాతం కింద అంబురి గూడెంలో పెరిగిన కుర్రవాడిని మాహిష్మతి జనం నెత్తిన పెట్టుకోవడానికి కారణం అతను తండ్రి పోలికలతో ఉండడం. అతను ధైర్యవంతుడే, తల్లిని విడిపించాడు, సైన్యాన్ని నడిపాడు. అయినా ఆ తొలి జయజయధ్వానాలు అతని పనికి కాదు, ముఖానికి. తండ్రి ఒక్కొక్క పనితో సంపాదించుకున్న నమ్మకం కొడుకు చేతికి ఆస్తిలా వచ్చింది. కట్టప్పకు బానిసత్వం వచ్చినట్టే మహేంద్రుడికి ప్రజల ప్రేమ వచ్చింది, రెండూ రక్తంలోనే. రేపు మహేంద్రుడి కొడుకు భల్లాలుడి గుణాలతో పుడితే? ముఖం బాహుబలిదే అయితే జనం మొక్కుతారు, కట్టప్ప వంశంలోని తర్వాతివాడు కత్తి పట్టుకుని ఆజ్ఞ కోసం నిలబడతాడు. అంటే మీ కథ ముగిసిన చోట మాహిష్మతిలో రాజు మారాడు. మొదటి హత్యకు దారితీసిన ఏర్పాటంతా ఎక్కడిదక్కడే ఉంది.

ఇన్ని ప్రశ్నలు వేయడానికి కారణం మీ సినిమా చిన్నదని కాదు. భల్లాలుడి రథాన్నీ, అమరేంద్రుడు విసిరించిన తాళ్లనూ పక్కపక్కన చూపించి రాజనీతిని పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పినవాళ్లు కనుకనే మిమ్మల్ని అడగడం. తెలుగు పిల్లలు ఈ తరంలో రాజంటే ఎలా ఉండాలో నేర్చుకుంది పాఠ్యపుస్తకంలో కన్నా మీ మాహిష్మతిలోనే ఎక్కువ. ఎదురుచెప్పని నమ్మకమే గొప్పదని కూడా వాళ్లు అక్కడే నేర్చుకుంటున్నారు. ఆ రెండో పాఠాన్ని దిద్దగలిగింది మీరూ, కథ అల్లిన విజయేంద్రప్రసాద్ గారూ మాత్రమే. మాహిష్మతికి మళ్లీ వెళ్లే రోజు వస్తే మహేంద్ర బాహుబలి చేత మొదటి శాసనం ఇలా వేయించండి: కట్టప్ప వంశానికి ఆ ప్రమాణం నుంచి విముక్తి, ఏ రాజాజ్ఞతోనైనా ఒకరి ప్రాణం తీయాలంటే ముందు విచారణ. ఆ తర్వాత కట్టప్ప కొలువులో ఉంటాడో, అస్లాం ఖాన్‌ను వెతుక్కుంటూ పోతాడో అతని ఇష్టానికి వదిలేయండి. అతను తన ఇష్టంతో ఉండిపోతే, బాహుబలి వంశానికి దక్కిన తొలి నిజమైన విధేయత అదే అవుతుంది.

భవదీయుడు,
ఒక తెలుగు ప్రేక్షకుడు